ఎడమచేతి పప్పుగుత్తి

మా పక్కింటి మాస్టారు మొన్న శుక్రవారం పోయారు. జుమ్మా నమాజుకి బయలుదేరుతూ, చెప్పులు తొడుక్కోవడానికి అరుగు మీద కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు. నేను మిర్చి కొట్లో లెక్కలు చూసుకుంటుంటే మా ఇంటావిడ ఫోన్ చేసి, "మాస్టారు లేరండీ" అంది. 

నేను రోజువారీ జమాఖర్చు తప్ప ఏమీ రాసినవాణ్ణి కాను. బడికి వెళ్ళింది తక్కువ. తర్వాత చదువుకున్నదంతా మాస్టారి పుస్తకాలు అడిగి తెచ్చుకుని చదివినదే. తిరిగిస్తే, "ఏం నచ్చలేదో చెప్పి లోపలికి రావయ్యా" అనేవారు. నచ్చింది ఎవరైనా చెబుతారని ఆయన వాదన.

తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక ఆయనకి ఇంకో పని దొరికింది. ఇంటర్నెట్లో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, అందులో రాసేవారు. మన పక్కల పండే పత్తి రకాలు, పొలాల్లో వాలే పిట్టలు, చెరువులు. చూపుడువేలొకటే ఫోన్ మీద ఆడేది. వరండాలో ఆయన అలా కూర్చుంటే పిన్నిగారు, అంటే ఆయన భార్య, లోపల్నుంచి కేకేసేవారు: "లోకమంతా ఎక్కించారు గానీ, గ్యాస్ అయిపోయిందని ఎక్కించారా?"

నిరుడు పిన్నిగారు పోయారు. చాలా రోజులు మాస్టారు ఫోన్ ముట్టుకోలేదు. ముట్టుకున్నాక మొదట రాసింది పప్పుగుత్తి గురించి.

ఒకనాటి సాయంత్రం నన్ను పిలిచారు. "ఏమయ్యా, పప్పుగుత్తికి ప్రాముఖ్యత ఉందా, లేదా?"

"ఉందండీ. అది లేకపోతే పప్పు బద్దలు బద్దలుగా ఉంటుంది."

"మనకి కాదయ్యా, లోకానికి ఉందా అంటున్నారు."

ఆయన రాసిన పేజీ పైన ఒక పట్టీ తగిలించి ఉంది. ఈ వస్తువుకి విడిగా వ్యాసం ఉండేంత ప్రాముఖ్యత లేదు, అచ్చులో ఆధారాలు లేవు, వారంలోగా చర్చించి తీసేద్దాం అని. మాస్టారు ఇంట్లో ఉన్న వంట పుస్తకాలన్నీ తిరగేశారు. ప్రతిదాంట్లోనూ 'పప్పు మెత్తగా మెదిపి' అనే ఉంది. దేనితోనో ఎవరూ రాయలేదు. "ఇంటింటా ఉన్నదాన్ని ఎవరు రాస్తారయ్యా? పైగా మెదపడం ఏమిటి? మెదిపేది అరటిపండుని. పప్పుని ఎనుపుతాం" అన్నారు. అయినా అవతలివాళ్ళని ఒక్క మాట అనలేదు. "వాళ్ళ రూలు వాళ్ళది. నేనూ పేపర్లు దిద్దినవాణ్ణేగా" అన్నారు.

వ్యాసం చదవమని ఫోన్ నా చేతికిచ్చారు. ఏ కలపతో చేస్తారు, తల మీద గాట్లు ఎందుకు, అన్నీ ఉన్నాయి. పిన్నిగారి గుత్తి ఫోటో ఉంది. మధ్యలో ఒక వాక్యం: 'దీనిని ఎడమచేత్తో పట్టుకుని ఎనుపుతారు.' దాని పక్కన ఎవరో 'ఆధారం కావాలి' అని గుర్తు పెట్టారు.

నా నోరు ఊరుకోలేదు. "మాస్టారూ, మా అమ్మ కుడిచేత్తోనే ఎనిపేదండీ."

ఆయన నా వంక చూశారు. ఫోన్ తీసుకుని ఆ వాక్యం మళ్ళీ చదివారు. "అవునయ్యా. నేను చూసింది ఒక్కరినే" అన్నారు చివరికి.

పిన్నిగారిది ఎడమచేతివాటం. అది మాకందరికీ తెలుసు. మాస్టారు లేచి వంటింట్లోంచి ఆ గుత్తి తెచ్చారు. పిడి మీద బొటనవేలు ఆనేచోట నున్నగా గుంట పడింది. గుత్తి తల ఒక పక్కకి అరిగింది. "కుడిచేత్తో పడితే మాట వినదు. ఎడమచేత్తో పడితే నా చెయ్యి మాట వినదు" అన్నారు. ఈమధ్య ఆయన చొక్కా మీద కనబడే పసుపు మరకలు ఎక్కడివో నాకప్పుడు అర్థమైంది.

ఆ చర్చలో ఒకాయన మర్యాదగానే రాశాడు, ఆధారం లేని ఆ వాక్యం తీసేస్తే మిగతాది ఉంచడానికి ఆలోచిద్దామని. అది తీసేయడం మాస్టారికి పెద్ద పని కాదు. గురువారం నేను వెళ్ళేసరికి ఆ వాక్యం మీదే వేలు పెట్టుకుని కూర్చున్నారు. తప్పని ఆయనకి తెలుసు. మా ఊళ్ళో 'ళ'కి 'ల' రాస్తే ఊరుకోని మనిషి. "రేపు నమాజయ్యాక చూద్దాంలే" అని ఫోన్ బోర్లించారు.

గడువు దాటింది. పేజీ తీసేసి, వంటసామాన్ల పేజీలో ఒక వరసగా కలిపారు. 'పప్పుగుత్తి: పప్పును మెదపడానికి వాడే చెక్క పరికరం.' ఫోటో ఉంచలేదు. వాళ్ళని తప్పు పట్టను. మాస్టారూ పట్టేవారు కాదు.

ఖననమయ్యాక మూడు రోజులు వాళ్ళింట్లో పొయ్యి వెలిగించలేదు. భోజనాలు మా ఇంటినుంచే వెళ్ళాయి. ఆదివారం మా ఇంటావిడ పెద్ద గిన్నెలో దోసకాయ పప్పు పెట్టింది. కుక్కరు వచ్చాక మా ఇంట్లో గుత్తి లేదు. వాకిట్లో గరిటెతో అవస్థ పడుతుంటే, వేటపాలెం నుంచి వచ్చిన మాస్టారి అక్కగారు గోడ మీదుగా చూశారు.

"ఇంతమందికి గరిటెతో ఏం ఎనుపుతావమ్మాయ్? ఇదుగో, ఇది పట్టు" అని పిన్నిగారి గుత్తి అందించారు.

మా ఇంటావిడకి ఈ వ్యాసం సంగతేమీ తెలియదు. "మీరు విస్తళ్ళు తీసుకెళ్ళండి, నేను పప్పు ఎనిపి తెస్తాను" అని నాతో చెప్పి గుత్తి గిన్నెలో పెట్టింది. రెండుసార్లు తిప్పింది. కుదరలేదు. మాస్టారింటి ముందు వేస్తున్న కుర్చీల వైపు చూస్తూనే, గుత్తిని ఎడమచేతిలోకి మార్చుకుంది.