మామ్మ కంటిచుక్కలు, నా నోటిదురద

నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నంత పొదుపుగా మాట్లాడే పిల్లనని రేపల్లెలో నాకు పేరు. అలాంటి నేను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క తెలివైన మాట మాట్లాడి ఓ మనిషి కంటిచూపుకే ఎసరు పెట్టాను. చెబుతాను, నవ్వండి. మరీ గట్టిగా వద్దు.

పక్కింటి మస్తాన్‌బీ మామ్మకు కంటి లోపల ఒత్తిడి ఎక్కువ. తెనాలి డాక్టరుగారు చుక్కల మందు రాసి, "పొద్దునా సాయంత్రం మానకూడదు మామ్మగారూ. పోయిన చూపు మళ్ళీ రాదు" అన్నారు. బస్సు బోర్డులు చదవడానికి తోడెళ్ళిన నేను ఆ మాట డైరీలో కూడా రాసుకున్నాను. మామ్మ చేతులు వణుకుతాయి కనుక చుక్కలు వేసే పని నాదే.

ఎండాకాలంలో రంజాన్ వచ్చింది. మామ్మ ఒక్కపొద్దులు పట్టింది. నేనేమో అప్పుడే లైబ్రరీలో మనిషి శరీరం మీద ఇటుకంత పుస్తకం ముగించాను. ఓ పొద్దున చుక్క వేస్తుంటే నోరు దురద పెట్టింది.

"మామ్మా, కంట్లోంచి ముక్కులోకి, అక్కణ్ణించి గొంతులోకి సన్నటి గొట్టం ఉంటుంది, తెలుసా?"

"ఏంటీ?"

"అందుకే చుక్క వేయగానే చేదు తగులుతుంది."

మామ్మ నాలుక చప్పరించింది. "అవునే, చేదే! అంటే ఇన్నాళ్ళూ ఒక్కపొద్దులో మందు మింగుతున్నానా?" సీసా లాక్కుని పెట్టెలో పెట్టి తాళం వేసింది. "పండగయ్యాక చూద్దాంలే."

"చాలా చిన్న గొట్టం మామ్మా! వెంట్రుకంత!"

"ఒక్కపొద్దుకి చిన్న గొట్టం, పెద్ద గొట్టం ఉంటాయా?"

"పుస్తకం తప్పేమో!"

"పుస్తకం తప్పని ఏ పుస్తకంలో చదివావు?"

రెండు రోజులు బతిమాలాను. మూడోనాటి సాయంత్రం మామ్మ టీ గ్లాసులో కాకుండా చాప మీద పోసింది. మసక దీపానిదో, చూపుదో తెలియలేదు. ఆ రాత్రి డైరీలో డాక్టరుగారి మాట మళ్ళీ చదివాను.

పొరుగాయన పలకరిస్తేనే గుమ్మం చాటుకు పోయే చర్చివీధి పిల్లని నేను. మర్నాడు మామ్మను లాక్కుని మసీదు ఇమాంగారి ఇంటికెళ్ళాను. ప్రశ్నను కాగితం మీద రాసి చేతికిచ్చాను. ఆయన చదివి నవ్వారు.

"కన్ను తిండికీ నీళ్ళకూ దారి కాదమ్మా. చుక్కలతో ఒక్కపొద్దు పోదు. జబ్బు మనిషివి, అసలు ఒక్కపొద్దే మానుకున్నా తప్పులేదు."

"మానను బాబూ. మరి ఆ చేదో?" అంది మామ్మ. చెవిలో నేను నాటిన గొట్టం అప్పటికే వేళ్ళూనుకుంది!

ఆ రోజే తెనాలి బస్సెక్కాం. డాక్టరుగారు పరీక్షించినంతసేపూ నేను గోడ మీది అక్షరాలు చదివాను, చివరి వరస దాకా.

"ఒత్తిడి కాస్త పెరిగింది. నష్టమేం జరగలేదు. ఎవరు మాన్పించారండి?"

మామ్మ ఒక్కపొద్దు సంగతీ చేదు సంగతీ చెప్పింది కానీ నన్ను చూపించలేదు. "మా వీధిలో ఓ పెద్ద డాక్టరమ్మ ఉందిలెండి" అంది.

"సరే, తెల్లారకముందు అన్నం తినేటప్పుడు ఒకటి, సాయంత్రం ఒక్కపొద్దు విడిచాక ఒకటి వేసుకోండి. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన మూలలో రెండు నిమిషాలు వేలితో నొక్కండి. మందు గొంతులోకి పోదు."

అలా ఆ రంజాన్ నెలంతా కోడికంటే ముందు నేను లేచాను. మామ్మ కన్ను మూసుకునేది, నేను మూలలో వేలు నొక్కి అంకెలు లెక్కపెట్టేదాన్ని. ఆ రెండు నిమిషాల్లో ఆమె తడుముకుంటూ నా నోట్లో ఓ అన్నం ముద్ద పెట్టేది.

"ఇక్కడ నొక్కితే చేదు ఆగిందే" అంది ఓ రోజు. "నీ నోరు ఆగాలంటే ఎక్కడ నొక్కాలో కూడా ఆ పుస్తకంలో ఉందేమో చూడు."

నోట్లో ముద్ద మింగి, మిగిలిన అంకెలు లెక్కపెట్టాను. ఇంటికొచ్చి డైరీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: మనిషి ఒంట్లో ఎన్ని గొట్టాలున్నా, ఇకమీదట డాక్టరుగారిని అడక్కుండా ఒక్కదాని ఊసూ ఎత్తను.