పంతొమ్మిది రోజుల పాప కొన్న రెంచి

ఆ పేటలో పైపుల మేస్త్రిని అసలు పేరుతో ఎవరూ పిలవరు. షరతుల మేస్త్రి అంటేనే ఇల్లు చూపిస్తారు. పనిమంతుడే, ఆయన చెయ్యి పడితే ఎంత కారే పైపైనా నోరు మూసుకోవలసిందే. కానీ కంపెనీలవాళ్లు ప్రత్యేకించి తనను మోసం చెయ్యడానికే పొద్దున్నే నిద్ర లేస్తారని ఆయన గట్టి నమ్మకం. స్క్రూడ్రైవరు కొన్నా సరే, డబ్బా మీది చీమతలకాయంత అక్షరాలన్నీ చదివితే గాని మూత తియ్యడు.

పెద్ద పైపు రెంచి కొనవలసి వచ్చినప్పుడు మూడు కంపెనీల కాగితాలు ముందేసుకుని నెల రోజులు కూర్చున్నాడు. అన్నీ జీవితకాలం గ్యారంటీ ఇచ్చేవే. ఎర్ర పిడి కంపెనీ మాత్రం రోజూ పనికి వాడితే గ్యారంటీ చెల్లదంది. "మరి గోడకు తగిలించి చూసుకుంటూ కూర్చోవాలా?" అని దాన్ని అవతల పడేశాడు. పచ్చ పిడి కంపెనీ లెక్కలో జీవితకాలమంటే పనిముట్టు జీవితకాలమట. అంటే విరిగేదాకా విరగదని హామీ అన్నమాట. నీలం పిడి కంపెనీ ఒక్కటే, కొన్న మనిషి బతికున్నన్నాళ్లూ విరిగితే కొత్తది ఇస్తామంది. మేస్త్రికి అప్పటికే యాభై దాటాయి. ఇంట్లో చూస్తే కోడలి ఒళ్లో పసిగుడ్డు.

"కొనేదెవరండీ?" అన్నాడు కొట్టతను, బిల్లు పుస్తకం తెరిచి.

"మా మనవరాలు."

"వయసు?"

"పంతొమ్మిది రోజులు. రాయి బాబూ, నూరేళ్లు బతుకుతుంది."

ఇంట్లో ఈ ఘనకార్యం చెప్పుకుంటే భార్య ఉయ్యాల ఆపకుండానే, "నీ బుర్రకు లేని గ్యారంటీ రెంచికెందుకయ్యా?" అంది.

రెంచి యజమానురాలు పెరిగింది. కాళ్లొచ్చిన దగ్గర్నుంచీ షెడ్డులోనే తిరిగేది. "నేను బిగిస్తా తాతయ్యా" అని ఏడేళ్లప్పుడు అడిగింది, పదహారేళ్లప్పుడూ అడిగింది. "చేతులు బండబారిపోతాయే, పోయి చదువుకో" అనేవాడాయన. చదువుకుంది. పంతొమ్మిదేళ్లు నిండాక ఒక ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం దొరికితే, చేరే ముందు మళ్లీ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"సోమవారం చేరాలి తాతయ్యా. ఈలోగా నువ్వు పని నేర్పుతానంటే మానేస్తా. చివరిసారి అడుగుతున్నా."

"చక్కగా ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం. నోరు మూసుకుని చేరు" అన్నాడు. ఆ పిల్ల గుమ్మం దిగి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడే, పైపును కరిచిపట్టే రెంచి దవడ ఫట్టున విరిగింది. ఇంకొకరైతే తల పట్టుకునేవారు, మేస్త్రి మాత్రం నవ్వుతూ ఇంటికొచ్చాడు. కంపెనీ మెడలు వంచడానికి పంతొమ్మిదేళ్లుగా కాచుకుని ఉన్నాడాయె! ఫోన్ చేస్తే కంపెనీ మనిషి ఎంతో మర్యాదగా, కొన్నవారే స్వయంగా వచ్చి రెంచి వాడి చూపించాలనీ, మొదటినుంచీ వాళ్లు వాడినదై ఉండాలనీ, ఆ షరతు గ్యారంటీ కార్డు వెనకాలే ఉందనీ చెప్పి, శుక్రవారం రమ్మన్నాడు. కార్డు వెనకాల బిల్లు ఉంది. భద్రంగా ఉండాలని, పాప పేరున కొన్న సంబరంలో వెనకవైపు చదవకుండానే మేస్త్రే జిగురు పెట్టి, సరిగ్గా ఆ షరతు మీదే అతికించాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు.

ఇక శుక్రవారందాకా మిగిలిన మూడు రోజులూ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అరువు రెంచి ఒకటి తెచ్చి మనవరాలి చేతిలో పెట్టి, దవడ ఎటు తిరగాలో, బరువు ఎక్కడ వెయ్యాలో గబగబా నేర్పాడు. మూడోనాటికి ఆ పిల్ల పక్కింటి స్నానాలగదిలో ఒక పైపు అతుకు ఒంటరిగా బిగించింది. ఆయన అతుకు చుట్టూ వేలితో తడిమి చూశాడు. చుక్క తడి లేదు. లోపల ఎంత సంబరపడ్డాడో చెప్పలేం గాని, పైకి మాత్రం "ఫర్లేదు" అన్నాడు.

శుక్రవారం కంపెనీ కౌంటరు దగ్గర గుమాస్తా ఇచ్చిన పైపును ఆ పిల్ల రెండు తిప్పుల్లో బిగించేసింది. అతను మెచ్చుకుని ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

"ఎన్నేళ్లుగా వాడుతున్నారమ్మా?"

మేస్త్రి గట్టిగా దగ్గాడు.

"రెంచి పట్టుకోవడం మూడు రోజుల నుంచేనండీ. అంతకుముందు తాతయ్య దీన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు."

గుమాస్తా ముద్ర పక్కన పెట్టి కార్డు మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

రోడ్డెక్కాక మేస్త్రి నిప్పులు తొక్కాడు. "ఒక్క అబద్ధం! పంతొమ్మిదేళ్లు కాపాడుకున్న గ్యారంటీని నిలువునా ముంచావు కదే!"

"అబద్ధమాడితే నీకు రెంచి వచ్చేది తాతయ్యా" అంది. "సోమవారం నేను ఫోన్లెత్తుతూ ఉండేదాన్ని. నాకేమొచ్చేది?"

మేస్త్రికి సిగ్గేసింది. ఇద్దరూ వీధి చివరిదాకా నడిచారు. అక్కడొక ఇనుపసామాన్ల కొట్టు కనబడితే ఆగి పైపు రెంచి అడిగాడు.

"ఇది పేరున్న సరుకు కాదు పెద్దాయనా, గ్యారంటీ ఏమీ ఉండదు" అంటూ కొట్టతను రెంచి ఆయనకు అందించబోయాడు.

మేస్త్రి చెయ్యి చాచలేదు. "నాకు కాదు బాబూ, దాని చేతికివ్వు. పిడి లావో సన్నమో అదే చెప్పాలి. సోమవారం నుంచి పట్టుకునేది అదే."