సోలాపూర్ నుంచి తల్లి వచ్చింది

దయ్యాల కథలు నా దగ్గర సాగవు. చిన్నప్పటి నుంచీ నమ్మలేదు, ఈ వయసులో కొత్తగా నమ్మేదీ లేదు. అయినా సిద్దిపేటలో మా నేతవాళ్ల వాడలో ఒక ఎండాకాలం జరిగిందాన్ని అబద్ధమని నాకు నేనే చెప్పుకోలేకపోతున్నాను.

అప్పటికింకా నిజాం రాజ్యమే. నాకు పెళ్లయి ఏడాది. మా వాడ నుంచి చాలామంది అంగ్రేజుల రాజ్యంలో ఉన్న సోలాపూర్ మిల్లులకు పోయారు. ఆ ఏడు అక్కడ మశూచి లేచిందని కబురొచ్చింది. మామూలుది కాదట, నల్లగా పోస్తుందట, మూడో రోజుకే మనిషి ఉండడట. చూసొచ్చినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ లేడు. సరిహద్దు దాటి మన రాజ్యంలోకి వస్తే ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోతాయని గుమ్మాలకు వేపమండలు కట్టాము.

మశూచిని ఎవరూ పేరు పెట్టి అనేవాళ్లు కాదు. తల్లి అనేవాళ్లు. ఎవరికైనా పోస్తే 'తల్లి వచ్చింది' అనేవాళ్లు.

మా పక్కింటి మల్లయ్యకు పెళ్లాం లేదు. ఒక్కతే కూతురు లచ్చవ్వ, సోలాపూర్ ఇచ్చారు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె నెత్తిన మూటతో వాడలోకి వచ్చింది. రోగానికి జడిసి మొగుడే పుట్టింటికి పంపాడట. ముసలాయన మగ్గం గుంతలోంచి లేచి ఉరికొచ్చాడు, సంతోషం పట్టలేక అరిచాడు.

"నా తల్లొచ్చింది! సోలాపూర్ కెల్లి నా తల్లొచ్చిందే!"

అంతే. నాలుగిళ్ల అవతల ఉన్నవాళ్లకు కూతురు వినపడలేదు, రోగం వినపడింది. పది నిమిషాల్లో తండ్రీకూతుళ్లు లోపలికి పోకుండా మల్లయ్య గుమ్మానికి తుమ్మకంప అడ్డం పడింది.

"నా బిడ్డరా, బిడ్డొచ్చిందన్న!" అని ఆయన మొత్తుకున్నాడు. తప్పు విన్నామని తెలిశాక కూడా ఎవరూ కంప తీయలేదు. సోలాపూర్ అన్న మాట చాలు వాళ్లకు. తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

లచ్చవ్వ మా గడప ముందుకొచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"వదినె, గిన్ని మంచినీళ్లు పొయ్యవా. పొద్దటికెల్లి నోరు తడవలే."

చెంబు ముంచుకొచ్చాను. వెనక నుంచి మా అత్త అరిచింది.

"ఏందే గట్ల నిలవడ్డవ్? గా నీళ్లు కుమ్మరించి తలుపెయ్యి!"

గడప మీదే కుమ్మరించాను. తలుపు వేశాను.

తండ్రీకూతుళ్లు నంగునూరులో ఉన్న మేనత్త ఇంటికని బయలుదేరారు. వాళ్లకంటే ముందే కబురు పోయింది. మూడో రోజు మల్లయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. ఏ ఊరివాళ్లూ బావి దగ్గరికి రానివ్వలేదట. వాడ వదిలిన మర్నాడు మధ్యాహ్నం ఎండదెబ్బకు లచ్చవ్వ తోవలోనే పోయిందట. ఆ తర్వాత ఆయన ఎవరినైనా 'తల్లీ' అని పిలవగా నేను వినలేదు.

ఇక అసలు సంగతి. ఆమె పోయిన ఆ మధ్యాహ్నమే, మాకింకా కబురు తెలియకముందే, మా కుండలో నీళ్లు తగ్గాయి. సరిగ్గా చెంబెడు. పొద్దున నేనే నింపాను. ఇంట్లో నేనూ అత్తా తప్ప ఎవరూ లేరు. మర్నాడూ అంతే.

పిల్లి తాగింది అంది అత్త. తాగి మళ్లీ మూత పెట్టిపోయే పిల్లిని నేనెక్కడా చూడలేదు. కుండ కారుతుందేమోనని ఇత్తడి బిందె పెట్టాను. మూత చుట్టూ, నూలుకు పట్టించే గంజి మందంగా పూసి, గుడ్డ బిగించి కట్టాను. మధ్యాహ్నానికి గంజి గట్టిగా ఎండింది, ఎక్కడా చిట్లలేదు. విప్పి చూస్తే చెంబెడు తక్కువ.

ఆ నీళ్లు ఒకసారి నోట్లో పోసుకున్నాను. ఎంగిలి వాసన. అక్కడే కక్కుకున్నాను.

వాడలో ఆడవాళ్లను అడిగాను. "మా ఇంట్ల గసొంటిదేం లేదమ్మా" అన్నారు అందరూ. అంటూనే మధ్యాహ్నం కాగానే కుండలు తెచ్చి వీధి మోరీ కాలవలో బోర్లించేవాళ్లు. వానలు పడేదాకా ఇదే తంతు. మల్లయ్య ఇంట్లో మాత్రం చుక్క తగ్గలేదు, నేను పోయి చూశాను.

ఇంతా చేస్తే ఆ ఏడు మా వాడలో ఒక్కరికీ తల్లి పోయలేదు.

కట్టిపెట్టిన బిందెలో నీళ్లు ఎట్లా తగ్గాయో ఇప్పటికీ నాకు తెలియదు. చదువుకున్న మనవలు ఏవేవో కారణాలు చెప్తారు, ఏదీ నాకు సరిపోలేదు. తెలిసింది ఒక్కటే. ఆ రోజు గడపలో లచ్చవ్వ మొహం దగ్గరగా చూశాను. ఒక్క పొక్కు లేదు. చూసే తలుపు వేశాను.