దిష్టి తగిలిన గేరుబాక్సు

గేరుబాక్సుకు దిష్టి తగులుతుందని మీరు నమ్ముతారా? మద్రాసు నుంచి విడిపోయి మన రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న ఒక కారు డ్రైవరు చెప్పాడు, వాళ్ల యజమాని నమ్మాడట.

"క్లచ్ లేని, గేర్లు వాటంతటవే మారే పాత ఫారిన్ కారన్నా. దాని గేరుబాక్సులో ఎర్రటి పల్చని ఆయిలు పోయాల. మద్రాసు నుంచి తెప్పించమంటే మా యజమాని ఇనకుండా లారీ ఇంజనాయిలు పోయించినాడు. కారు కదల్లేదు. దిష్టని రెండు గుమ్మడికాయలు కొట్టించినాడు. వడియాలకైనా వచ్చేటివి."

"తర్వాత?"

"నా చెయ్యి మంచిది కాదంట. పనిలోంచి తీసేసినాడు."

గొంతులో కోపం లేదు. ఆ ఆయిలు తుడిచిన గుడ్డ జేబులోంచి తీసి నా చేతికిచ్చాడు. నల్లటి మరక, మాడు వాసన. కార్మికుల సభల్లో గొంతు చించుకునే నేను, గుడ్డ తిరిగిచ్చి ఊరుకున్నాను.

మీరు ఊరుకోకండి. పనివాడి చేతిని తప్పుపట్టే ముందు మూత తీసి, ఆయిలు ఏ రంగులో ఉందో మీ కళ్లతో చూడండి.