గెడ్డ ఇసుకలో గుడారం

మలేషియాలో పహాంగ్ కొండల్లో గుడారం వేసుకోవడానికి మంచి చోట్లు ఎక్కడున్నాయో చెప్పమని మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు. మొదటి జీతం పడి మొదటి లాంగ్ వీకెండ్ వచ్చేసరికి సింగపూర్‌లో మనవాళ్లకి గాలాడదు. లిటిల్ ఇండియాలో ఇడ్లీ తిని, ఫ్లాట్‌లో నలుగురి బట్టలూ ఉతికి ఆరేసుకుంటే ఆదివారం అయిపోతుంది. ఇంకా ఎటైనా పోవాలనిపిస్తుంది. వాళ్లందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. చివరిదాకా చదవండి. దారి మాత్రం చెప్పి ఊరుకుంటే నేను మళ్లీ అబద్ధం ఆడినట్టే.

ఆ కొండల్లోకి నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అప్పలరాజుతో. వై టూ కే పనులు ముగిసి, ఇంటర్నెట్ కంపెనీలు వానాకాలపు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. పాయా లేబర్ ఆఫీసులో మావి పక్కపక్క సీట్లు. అతనిది పాడేరు దగ్గర ఏజెన్సీ, నాది అనంతపురం జిల్లా. నా పేరు ఓబులేసు. మా మేనేజరుకి రెండు పేర్లూ నోరు తిరగక అతన్ని రాజ్ అనీ నన్ను ఓబీ అనీ పిలిచేవాడు.

ఆ రోజు మూడు గంటలు నడిచాక వాగు మధ్యలో తెల్లటి ఇసుకమేట కనిపించింది. మా వైపు ఏరు అంటే ఇసుకే. ఎండాకాలం పెన్న ఇసుకలో దుప్పటి పరుచుకుని పడుకున్నవాణ్ణి, చెలమ తవ్వి తాగినవాణ్ణి. ఏరు మనిషిని మింగుతుందంటే నాకు వినడానికే వింత. హాకర్ సెంటర్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేసినట్టు, అంటే చోటు ఆపుకున్నట్టు, ఆ ఇసుక మీద నా బ్యాగ్ పడేశాను.

రాజు కొండ పైకి చూసి, “గెడ్డలో వద్దురా ఓబులేసూ, ఒడ్డెక్కీద్దాం” అన్నాడు. వాళ్ల వైపు కొండవాగుని గెడ్డ అంటారు.

“చుక్క వాన లేదు కదప్పా! ఈడ్నే ఏస్తాం” అన్నాను.

గుడారం వేశాక ఇంకోసారి అన్నాడు. నేను వినిపించుకోలేదు. అతని మడమలు బొబ్బలెక్కి ఉన్నాయి. “సరే, కాసేపు నడుం వాలుస్తాను. తర్వాత మార్చీద్దాం” అని లోపల పడుకున్నాడు. నేను కట్టెల కోసం ఒడ్డు ఎక్కాను. సాయంత్రం నాలుగున్నర. మా నెత్తిన వాన లేదు, పైన ఎక్కడో కురిసింది. లారీ వస్తున్నట్టు చప్పుడైతే తిరిగి చూసేసరికి వాగంతా ఎర్రగా, దుంగలతో, నా నడుమెత్తున దిగి వస్తోంది. అరిచాను. అతను బయటికి రాలేదు. మూడో రోజు చాలా దిగువన దొరికాడు.

పోలీసు అధికారి అడిగింది ఒకటే ముఖ్యమైన ప్రశ్న. అక్కడ గుడారం వేద్దామని ఎవరన్నారు? “రాజు” అన్నాను. ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. భయం. ఆ మాట రిపోర్టులోకి, అక్కణ్ణుంచి ఆఫీసుకి, అక్కణ్ణుంచి అతని ఇంటికీ వెళ్లింది.

ఏడాది గడిచాక అతని భార్య భవాని ఫోన్ చేసింది. ఆమె ఇక్కడే ఒక బ్యాంకులో ప్రోగ్రామరు, సెరంగూన్‌లో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి ఉంటోంది. “సంవత్సరీకం అయిపోనాది అన్నయ్యగారూ. ఆ చోటు నేను చూడాలి. తీసుకెళ్తారా?” అంది. తీసుకెళ్తానన్నాను. నిజం మాత్రం చెప్పలేదు. అలా మొదలైంది ఈ రెండో ప్రయాణం.

శనివారం ఉదయం ఏడుంబావుకి తంజోంగ్ పగార్ స్టేషన్లో కలుసుకున్నాం. రైలు ఏడూ నలభైకి. రెండో తరగతి టికెట్ ముప్ఫై నాలుగు డాలర్లు. మలేషియా ముద్రలు స్టేషన్లోనే వేసేస్తారు, కాబట్టి అరగంట ముందు రండి. ఏసీ బోగీలో చలికి స్వెట్టర్ తప్పనిసరి. భవాని కిటికీ పక్కన కూర్చుని ఒళ్లో ఒక గుడ్డసంచి పెట్టుకుంది. దించమన్నా దించలేదు.

ఎదుటి సీట్లో ఒక చైనీస్ ఆంటీ మాకు చెరో కమలాపండూ ఇచ్చి, “హాలిడే ఆ? గెంటింగ్ గోయింగ్ ఆ? గుడ్ లక్ లా!” అంది. ఆ రైల్లో సగం మంది గెంటింగ్ కొండ మీద జూదానికే పోతారు. నేను తలూపాను. ఏడాదిగా నా పని అదే, ఎవరేమన్నా తలూపడం. జొహోర్ దాటాక కిటికీ బయట పామాయిల్ తోటలు మొదలై గంటల తరబడి అవే.

రెండున్నరకి కౌలాలంపూర్. పహాంగ్ బస్సులు పెకెలిలింగ్ స్టాండు నుంచి బయల్దేరుతాయి. నాలుగింటికి రావుబ్ బస్సు ఎక్కాం. కొండ దారి, మలుపులెక్కువ, కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లలో కూర్చోవడం మేలు. ఆ మలుపుల్లోనే భవాని తనంతట తాను మాట్లాడింది.

“మా బావ నాకు మేనమామ కొడుకు. మీకు తెల్సుగా. మావయ్య మాస్టారు. కొండ మీద మబ్బు కమ్మితే బడి వదిలీసి గెడ్డ కాడ నిలబడి పిల్లల్ని లెక్కెట్టేవోడు. ఒకపాలి మేం ఇసకలో గూళ్లు కట్టుకుంటుంటే ఇద్దర్నీ బెత్తం పట్టుకుని కొట్టాడు.”

నేను కమలాపండు తొక్క వేలితో నలుపుతూ ఉండిపోయాను.

“ఏడాదై మావయ్య మా బావ ఫొటోకి దండ కూడా వెయ్యలేదు. ‘ఆడికి నేను నేర్పింది అదొక్కటే, అదీ మర్చిపోనాడు’ అంటాడు. అన్నం సరిగ్గా తినడు. ఆ చోటెలా ఉందో చూసి, మోసపోయే చోటే మావయ్యా, ఎవరైనా మోసపోతారు అని చెప్పాలి. అందుకే వస్తున్నాను.”

నా అబద్ధం చచ్చినవాణ్ణి ఏం చేస్తుందిలే అనుకున్నాను ఇన్నాళ్లూ. పాడేరులో ఒక ముసలాయన కంచం ముందు కూర్చుని నా మాటే నములుతున్నాడని ఆ బస్సులో తెలిసింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. బస్సు నిండా జనం ఉన్నారని సాకు చెప్పుకున్నాను.

ఆరున్నరకి రావుబ్ చేరాం. బస్టాండు ఎదుట దుకాణం పైన ఒక లాడ్జి ఉంది, శుభ్రంగానే ఉంటుంది. లాడ్జి ముసలమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, “వైఫ్?” అంది. “సిస్టర్” అన్నాను. వరండాకి ఆ కొసన ఒకటీ ఈ కొసన ఒకటీ గదులిచ్చింది. కింద తమిళాయన హోటల్లో పరోటా తిన్నాం. తిన్నామంటే నేను తిన్నాను, ఆమె టీ తాగింది.

ఆదివారం ఉదయం ఆరింటికి టాక్సీ. ఏడుంబావుకి కొండ కింద ఊళ్లో దిగాం. దారి చూపించే పాక్ హరూన్, అంటే హరూన్ పెద్దాయన, మాకోసం గుమ్మంలోనే ఉన్నాడు. అరవై దాటిన మనిషి, కిందటేడు రాజుని వెతికినవాళ్లలో ఆయనొకడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి గుండెకి తాకించుకున్నాడు. నాకొచ్చిన పాతిక మలయ్ మాటలతోనే పని జరిగింది. ఆ వాగు పేరు ఇక్కడ రాయను. రాయొద్దని ఆయనే అడిగాడు.

చోట్లు వెతకడం గురించి అడిగారు కదా, ఆ దారిలో ఆయన దగ్గర నేర్చుకున్నది చెప్తాను. ఈ అడవిలో బోర్డులుండవు, నంబర్లుండవు, కుళాయిలుండవు. ఎవరో పడుకుని లేచిన చోటే మనకి చోటు. మసిబారిన మూడు రాళ్లు, పేముతో కట్టిన ఒక కర్ర, తుప్పుపట్టిన సార్డీను డబ్బా, ఇవే గుర్తులు. కాలిబాట నుంచి నీళ్లు వినిపించాలి గాని కనిపించకూడదు అంటాడు హరూన్. తలపైన ఎండిన కొమ్మ ఉంటే అక్కడ నిలబడనే వద్దు. జలగలకి పొగాకు నానబెట్టిన నీళ్లు మేజోళ్ల మీద చల్లుకోండి. అయినా నాలుగు పట్టుకుంటాయి.

ఇంకొకటి ఉంది. ఒక మలుపు దగ్గర ఆయన ఆగి చెట్టుకొమ్మ చూపించాడు. మా తలలకంటే జానెడు ఎత్తున ఆ కొమ్మకి ఎండుగడ్డి, చితుకులు చుట్టుకుని వేలాడుతున్నాయి. నీళ్లు వచ్చిపోయిన ఎత్తు అది. “కెపాలా ఆయెర్” అన్నాడు, తల తడుతూ. నీటి తల. కొండ పైనుంచి ఒక్కసారిగా దిగే వరదకి వాళ్ల పేరది. కిందటేడు మా ఇసుకమేట పక్కన కూడా అలాంటి గడ్డి చుట్టుకున్న కొమ్మ ఉంది. దాని మీదే నేను నా తడి తువ్వాలు ఆరేశాను.

పదిన్నరకల్లా చేరాల్సిన చోటు పదకొండైనా దొరకలేదు. నాకు గుర్తున్న పెద్ద చెట్టు కూలిపోయింది. ఇదే అని నేను చూపించిన చోటుకి హరూన్ కాదని తల అడ్డంగా ఊపాడు. మళ్లీ నడిచాం. భవాని ఎక్కడా ఆగలేదు, ఎక్కడా అలసట అనలేదు. రాతి మీద నుంచి రాతి మీదకి ఆమె వెళ్లే తీరు చూస్తే ఈ కొండల్లోనే పుట్టిందేమో అనిపించింది. చివరికి ఒక మాను మీద తాను కత్తితో పెట్టిన గాటు చూసి ఆయన ఆగాడు. పదకొండున్నర దాటింది.

ఇసుకమేట లేదు. ఏడాదిలో వాగు దాన్ని తుడిచిపెట్టేసింది. గుండ్రాళ్ల మీద నీళ్లు మోకాలి లోతున పారుతున్నాయి. “ఇక్కడే” అన్నాను.

భవాని నీళ్లకేసి ఎక్కువసేపు చూడలేదు. వెనక్కి తిరిగి ఒడ్డు మీదకి చూసింది. హరూన్ అప్పటికే అక్కడికెక్కి ఆకులు కాలితో నెడుతున్నాడు. ఇరవై అడుగులు ఎక్కితే చదునైన నేల, మసిబారిన మూడు రాళ్లు. వేటగాళ్లు తన తాత కాలం నుంచీ పడుకునేది అక్కడేనని సైగలతో చెప్పాడు.

ఆమె ఎక్కి, ఆ రాళ్ల పక్కన నిలబడి నన్ను పిలిచింది. “అన్నయ్యగారూ, ఇంత మంచి చోటు ఇక్కడుంటే మా బావకి కనపళ్లేదంటారా?”

“కనపడిందమ్మా.”

“మరి?”

“ఒడ్డెక్కుదామన్నాడు. రెండుసార్లన్నాడు. ఇసుకలో వేసింది నేను. పోలీసులతో రాజు పేరు చెప్పిందీ నేనే.”

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె ఆ రాళ్ల మీద చెయ్యి ఆనించి కూర్చుంది. గుడ్డసంచి విప్పింది. అందులో చిన్న గిన్నె, అగ్గిపెట్టె, సెరంగూన్ రోడ్డు కొట్లో కొన్న రాగిపిండి ఉన్నాయి. వాళ్ల మాటలో చోడిపిండి. “కట్టెలు తెండి” అంది. తెచ్చాను. కిందటేడు కూడా అదే పని మీద పైకెక్కాను కదా అని గుర్తొచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగి వాగుకేసి చూశాను.

చోడి అంబలి కాచి ఆకులో పోసి రాయి పక్కన పెట్టింది. పిట్ట వస్తుందేమోనని చూశాం. ఆ అడవిలో కాకులుండవు. చీమలొచ్చాయి. “చాలు” అని లేచింది. మిగిలింది హరూన్‌కి ఇచ్చింది, నాకు పొయ్యలేదు. ఒంటిగంటకి మబ్బు పడుతోందని ఆయన తొందరపెడితే దిగడం మొదలుపెట్టాం. ఊరు చేరేసరికి నాలుగు దాటింది. దారి పొడవునా ఆమె హరూన్ వెనకే నడిచింది, నేను చివర.

సోమవారం ఉదయం ఏడింటి బస్సుకి రావుబ్ వదిలాం. సింగపూర్ రైలు మధ్యాహ్నం కాబట్టి కౌలాలంపూర్ స్టేషన్లో మూడు గంటలు ఖాళీ. ఒంటిగంటకి భవాని ఫోన్ కార్డు కొని బూత్ దగ్గరికి నన్ను రమ్మంది. పాడేరు నంబరు కలిపి, “మావయ్యా, నేను. ఓబులేసుగారు మాట్లాడతారు” అని రిసీవర్ నా చేతిలో పెట్టింది.

చెప్పాను. సాకులు లేకుండా, మొదటినుంచీ. అవతల దగ్గు వినిపించింది.

“మా వోడు వద్దన్నాడేటి?”

“అన్నాడు మాస్టారూ.”

“ఎన్నిపాల్లు?”

“రెండుసార్లు.”

“అయితే ఆడు మర్చిపోలేదు.” ఆయన ఏడుస్తున్నాడు. “పిల్లకి ఫోనియ్యి బాబూ.”

నన్ను ఒక్క మాట అనలేదు. క్షమించానని కూడా అనలేదు. భవాని రిసీవర్ తీసుకుని, ఇటు తిరక్కుండానే, దూరంగా వెళ్లమని చేత్తో సైగ చేసింది.

రైలు ఎక్కాక ఆమె వచ్చి నా సీటు పక్కన నిలబడింది. “మావయ్య ఈ రోజు దండ వేస్తానన్నాడు. మీరు చెప్పినందుకు మంచిదే. కానీ ఇకమీదట నాకు ఫోన్ చెయ్యకండి అన్నయ్యగారూ. మీ గొంతు నేను వినలేను.” వెళ్లి బోగీ చివర ఖాళీ సీట్లో కూర్చుంది. ఏడు గంటలు ఆమె తల వెనకభాగం, కిటికీలో పామాయిల్ తోటలు చూస్తూ వచ్చాను. తంజోంగ్ పగార్‌లో దిగి ఆమె సెరంగూన్ బస్సు ఎక్కింది, నేను పాయా లేబర్ రైలు ఎక్కాను. మర్నాడు పోలీసులకీ ఆఫీసుకీ ఉత్తరాలు రాశాను.

కొండలు అందమైనవే, వెళ్లండి. ఎత్తైన చోటు వెతకండి, కొమ్మలకి చుట్టుకున్న గడ్డి చూడండి, మధ్యాహ్నం దాటాక వాగు దాటకండి. తోడొచ్చినవాడు వద్దంటే, కాళ్లు ఎంత లాగినా ఆ ఇరవై అడుగులూ ఎక్కండి. రాజు నాకు రెండుసార్లు చెప్పాడు.