ఫిరంగి గుర్రం

ఫాంటెన్‌బ్లో ఊళ్లోని ఫిరంగి శిక్షణ పాఠశాలలో ఆన్సెల్మ్ గుర్రాలకు తర్ఫీదు ఇచ్చేవాడు. ఫిరంగులు లాగడానికి మోటారు బళ్లు రావడంతో గుర్రాలను వేలం వేశారు. బిజూ అనే ముసలి గుర్రం కోసం కసాయివాడు పాట పాడుతుంటే చూడలేక, ఆన్సెల్మ్ తనే పాడుకుని ఇంటికి తోలుకొచ్చాడు.

"ఏవయ్యా, దీన్నెవరు మేపుతారు?" భార్య క్లెమాన్స్ గుమ్మంలోనే నిలదీసింది.

"బంగాళాదుంపల చేను దున్నుద్దిలేవే."

దున్నింది కూడా. కానీ దగ్గర్లోని పాఠశాల మైదానంలో ఫిరంగి పేలినప్పుడల్లా బిజూ సాలు మధ్యలో రాయిలా నిలబడిపోయేది. అలా కదలకుండా నిలబడడం నేర్పింది ఆన్సెల్మే.

"నీ చదువు తగలెయ్య, నడువ్!" అని మొదట్లో క్లెమాన్స్ విసుక్కునేది. పోనుపోను ఫిరంగి మోగితే తనూ పార వదిలేసి, దాని మెడకు ఆనుకుని కాసేపు సేదతీరేది.

"ఈ ఇంట్లో నాకు విశ్రాంతి ఇచ్చింది ఇదొక్కతేనయ్యా," అనేది నవ్వుతూ.