జింకు ముద్ద పూసుకున్న అక్క

నా చిన్నప్పుడు ఎండాకాలం అంటే తోటి పిల్లలకు మామిడికాయలూ సెలవులూ. నాకు మాత్రం పుండ్లు. పుట్టుకతోనే నా ఒంట్లో రంగు లేదు. చర్మం, జుట్టు, కనురెప్పలు అన్నీ తెలుపే. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పిల్లలు నన్ను దొరసాని అని పిలిచేవాళ్లు. ఆ దొరసాని కాసేపు ఎండలో నిలబడితే ముఖం కందిపోయి బొబ్బలెక్కుతుందని వాళ్లకేం తెలుసు!

ఒంటిపూట బడులు మొదలయ్యాక నా గతి మరీ అధ్వానం. పిల్లలకు ఎండ తగలకూడదని పెట్టిన ఏర్పాటే గానీ, బడి వదిలేది సరిగ్గా మిట్టమధ్యాహ్నం. మా అమ్మ ఎక్కని గుడిమెట్టు లేదు, మొక్కని దేవుడు లేడు. అంగట్లో దొరికే క్రీములన్నీ నల్లవాళ్లను తెల్లగా చేస్తామనేవే. ముందే తెల్లగా పుట్టినదానికి ఏం పూయాలో ఎవరూ చెప్పలేకపోయారు.

చివరికి అమ్మ తన తెలివి తానే వాడింది. నిమ్మకాయ నీళ్లు తాగితే కడుపుకు చలవ కదా, పూస్తే ఒంటికీ చలవే అనుకుంది. "చెట్టుకు కాసింది మనిషికి ఏం జెయ్యదు బిడ్డా, జెర ఓర్చుకో" అంటూ ఒకనాడు పొద్దున్నే ముఖానికీ మెడకూ చేతులకూ నిమ్మరసం పట్టించి బడికి పంపింది. ఆ పులుపూ ఎండా కలిసి నా చర్మాన్ని ఉడికించాయి. ఆపై మెడ చుట్టూ నీటి బొబ్బలు. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. అమ్మ నా పక్కన కూర్చుని తన చేతులను తానే తిట్టుకుంటూ ఏడ్చింది. ఆమెను ఊరడించే స్థితిలో నేను లేను. చచ్చిపోతే బాగుండునని పైకే అన్నాను.

మా నాయన ఏడవలేదు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నా మెడ చూశాడు. "ఇగ బడి బంద్. సదువు లేకపోతే ఏందీ, బిడ్డ పానంతోటి ఉంటే సాలు" అన్నాడు. బడి తప్ప నాకు వేరే లోకం లేదు. కిటికీలు మూసిన గదిలో కూర్చుని ముసలిదాన్నవడమే ఇక నా బతుకని అర్థమైంది.

అప్పుడు కల్పించుకున్నది పక్కింటి అక్క. వాళ్లది శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. అక్క మారేడ్‌పల్లిలో ఒక ఆఫీసులో టైపు కొట్టేది. మంచి నలుపు మనిషి. సెలవు పెట్టి నన్నూ అమ్మనూ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. చర్మం డాక్టరు ఎండను అడ్డుకునే తెల్లటి జింకు ముద్ద రాసిచ్చాడు. వాసన క్రీములూ కాయల రసాలూ వద్దన్నాడు. పొడుగు చేతుల చొక్కా, గొడుగు ముందు. గుడ్డ కప్పని చోట మాత్రమే ఈ ముద్ద అన్నాడు. అక్క దానికి తన మాట ఒకటి కలిపింది. మా స్నానాల నీళ్లు పెరట్లో గోంగూర మడికి పారేవి. "ఒంటికి రాసిందంతా ఆ మడిలోకే పోద్ది కదేటి, మళ్లీ మనమే తింటాం. కప్పగలిగినంత గుడ్డతోనే కప్పాల" అంది.

బొబ్బలు మానాక ముద్ద పూసుకుని అద్దంలో చూసుకున్నాను. గోడకు సున్నం కొట్టినట్టుంది. ఉన్న తెలుపు చాలదన్నట్టు దానిమీద ఇంకో తెలుపు! బయటికి రానని గడప పట్టుకుని కూర్చున్నాను. "సూసినవా, పిల్లనే పోనంటుంది" అని నాయన, నన్ను బడికి తీసుకెళ్లడానికి వచ్చిన అక్కతో అని తలుపు వేయబోయాడు.

అక్క నన్ను బతిమాలలేదు. డబ్బీలో వేళ్లు ముంచి, ఆఫీసుకు తయారై వచ్చిన తన నల్లటి ముఖమంతా ఆ ముద్ద పూసేసుకుంది.

"పదవే! ఇప్పుడు నన్ను సూసి నవ్వుతారు గానీ నిన్నెవరు సూస్తారు?"

నిజంగానే ఎవరూ నన్ను చూడలేదు. వీధి వీధంతా అక్కను చూసి నవ్వింది. "ఏందక్కా, బోనాలు ఇంకా రానేలేదు, గప్పుడే ఏషం షురూ జేసినవా?" అని కూరల బండివాడు అరిచాడు. అక్క అతనికి ఒక దండం పెట్టి ముందుకు నడిచింది. ఆ తర్వాత బడి దాకా మాత్రం తల ఎత్తలేదు. పెద్దవాళ్లకూ సిగ్గు చంపేస్తుందని నాకప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం గొడుగు వేసుకుని ఇంటికొచ్చాను. మర్నాడు ఒక్క బొబ్బ లేదు. నాయన నా ముఖాన్ని వెలుగులోకి తిప్పి తిప్పి చూసి, పుస్తకాల సంచి నా భుజాన వేశాడు.

ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్ మందుల షాపులో అమ్మాయి ఘుమఘుమలాడే సన్‌స్క్రీన్ ట్యూబు చూపించి, "ఇది రాస్తే అసలు కనిపించదు మేడమ్" అంటుంది. నేను అట్ట వెనక చదువుకుని, వాసన లేని జింకుదే అడుగుతాను. నా స్నానం నీళ్లు ఏ చెరువులో కలుస్తాయో నాకు తెలియదు, అందుకని అదీ గుడ్డ కప్పని చోట మాత్రమే వాడతాను. ఒంటి మీద కొత్త మచ్చ కనిపించిన ప్రతిసారీ ఇప్పటికీ క్యాన్సరేమోనని డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాను. ఆ భయం నన్ను వదలలేదు, వదలదు కూడా. అయినా గొడుగు తీసుకుని వీధిలోకి దిగుతాను. జనం నా ముఖం చూసి నవ్వుకుంటే నవ్వుకోనీ. ఈ చర్మాన్ని బతికించడానికి ఒక మనిషి తన ముఖాన్ని నవ్వులపాలు చేసుకుంది. దీన్ని ఎండకు అప్పగించే హక్కూ, సిగ్గుపడి దాచుకునే హక్కూ నాకు లేవు.